మబ్బుల చెరువుకు నీరటి

మబ్బు మీద జనగామ వైపు వాళ్ళకున్నంత ఆశా, అంత అనుమానమూ మరొకరికి ఉండవేమో. మెట్టప్రాంతం కదా! మృగశిర వచ్చిందంటే చాలు, కళ్ళన్నీ ఆకాశం వైపే. ఉరిమిన మబ్బల్లా కురవదని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అలాంటి చోట ఇప్పుడు ఇంకో రకం మబ్బు మాట వినవస్తోంది. "ఫొటోలన్నీ క్లౌడులో ఉన్నాయమ్మా, ఎక్కడికీ పోవు" అంటుంది కూతురు. "మా ఆఫీసు పనంతా క్లౌడుకి మార్చేశాం అత్తయ్యా" అంటాడు హైదరాబాదులో ఉద్యోగం చేసే అల్లుడు. క్లౌడంటే మబ్బని అత్తగారికీ తెలుసు. పైకి చూస్తే అక్కడేమీ కనపడదు. అల్లుడితో వాదన ఎందుకని ఊరుకుంటుంది.

నిజానికి ఈ మబ్బు ఆకాశంలో లేదు. గట్టి గోడల మధ్య, చల్లటి గదుల్లో, వరసలు వరసలుగా పేర్చిన కంప్యూటర్లే అది. మన దేశ ప్రభుత్వం 2014లో తన కార్యాలయాల కోసం ఏర్పాటు చేసుకున్న దానికి 'మేఘరాజ్' అని చక్కటి పేరు పెట్టుకుంది. అమెజాన్ కంపెనీ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలోనే తన కేంద్రాలు తెరిచింది. అంచేత మన మబ్బు ఎక్కడో అమెరికాలో ఉందనుకోనక్కర్లేదు, జనగామ నుంచి రైలెక్కితే చేరేంత దూరంలోనే ఉంది.

ఇంత హంగామా ఫొటోలు దాచుకోవడానికేనా అంటే, కాదు. అసలు చిక్కు జనంతో వచ్చింది.

మాటవరసకి పరీక్షా ఫలితాల రోజు తీసుకోండి. ఏడాదిలో మూడువందల అరవై రోజులూ ఆ వెబ్‌సైటు మొహం చూసేవాడుండడు. ఆ ఒక్క రోజు, ఆ ఒక్క గంటలో, పిల్లలూ, తల్లులూ, మేనత్తలూ, పక్కింటివాళ్ళూ అందరూ ఒక్కసారిగా దానిమీద పడతారు. అందరికీ చాలినన్ని కంప్యూటర్లు కొంటే మిగతా రోజులన్నీ అవి దుమ్ము పట్టి ఉంటాయి. కొనకపోతే ఆ గంటలో తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో అమ్మాయి ఏడుస్తూ ఉంటుంది.

ఈ లెక్క మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? ఇంట్లో రోజూ వండేది ఐదుగురికి. పెళ్ళికి వచ్చేది ఐదువందల మంది. అందుకని ఐదువందల మందికి సరిపడే గుండిగలు ఎవరైనా కొని అటక మీద పెట్టుకుంటారా? సప్లయర్సు కొట్టు నుంచి అద్దెకి తెచ్చుకుని, మూడోనాడు కడిగి అప్పజెప్పేస్తారు. 1961లోనే జాన్ మెకార్తీ అనే అమెరికా పండితుడు, కంప్యూటరు శక్తిని టెలిఫోనులా అందరికీ అందించి వాడుకున్నంతకే డబ్బు పుచ్చుకునే రోజు వస్తుందని అన్నాడు. నలభై అయిదేళ్ళకి, 2006లో, అమెజాన్ వాళ్ళు అలాంటి అద్దె కొట్టు తెరిచారు. మైక్రోసాఫ్టులో ఆ కొట్టు నడిపించినవాడు మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ. 2014 ఫిబ్రవరిలో ఆయన ఆ కంపెనీకే అధిపతి అయ్యాడు.

అద్దెకి దొరకడం ఒక ఎత్తు. ఎప్పుడు ఎన్ని తేవాలి, ఎప్పుడు ఎన్ని తిప్పి పంపాలి అన్నది ఇంకో ఎత్తు. ఆ సంగతి తెలియాలంటే ముందు కాకతీయుల దగ్గరికి వెళ్ళాలి.

మహబూబాబాదు జిల్లాలో బయ్యారం అనే ఊరుంది. అక్కడి చెరువుని కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ పదమూడో శతాబ్దంలో తవ్వించింది. ధర్మకీర్తి సముద్రమని పేరు. ఆ చెరువు దగ్గర వేయించిన శాసనంలో కాకతీయుల వంశావళి ఉంది. అంటే ఆ రాజుల ముత్తాతలు ఎవరో మనకి తెలియడానికి ఒక ఆడపడుచు తవ్వించిన చెరువు పెద్ద ఆధారమైందన్నమాట! భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్ళ దగ్గర గణపసముద్రం ఉంది. ఇవి కాక ఊరూరా చిన్నా పెద్దా గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకి నీళ్ళు పోతాయి. అదీ నిండితే ఇంకో దానికి. వాన ఎంత కురిసినా ఒక్క కట్ట మీదే భారమంతా పడకుండా చేసిన ఏర్పాటు అది.

చెరువుంటే చాలదు కదా, నీళ్ళు వదిలేవాడు కావాలి. అతనే ఊరి నీరటి. తెల్లవారకముందే కట్ట మీద తిరిగి, నీళ్ళెంత ఉన్నాయో, ఏ మడి ఎండుతోందో చూసి, తూము ఎత్తేవాడూ దించేవాడూ అతనే. కట్టలో ఎక్కడైనా నీరు చెమర్చితే ముందు కనిపెట్టేవాడూ అతనే. ఈ నీరటిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అతని అవసరం పడుతుంది.

ఇప్పుడు కథ చెరువు గట్టు దిగి సముద్రం మీదికి వెళ్ళాలి. ఎందుకంటే మన కంప్యూటరు వాళ్ళు తమ పెట్టెకి పేరు తెచ్చుకున్నది ఓడల నుంచే.

పూర్వం ఓడలోకి సరుకు ఎక్కించాలంటే బస్తా బస్తా, పీపా పీపా కూలీలు మోయాల్సిందే. రోజులు పట్టేది, సగం పగిలేది, కొంత మాయమయ్యేది. అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అని ఒక లారీల యజమాని ఉండేవాడు. లారీ మీది పెట్టెని పెట్టెగానే ఓడ మీదికి ఎత్తేస్తే పోలేదా అనుకున్నాడు. 1956 ఏప్రిల్ 26న 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ అలాంటి 58 పెట్టెలతో న్యూఆర్క్ రేవు నుంచి హ్యూస్టనుకి బయలుదేరింది. విడి సరుకు ఎక్కించడానికి టన్నుకి 5 డాలర్ల 86 సెంట్లు అయ్యే ఖర్చు 16 సెంట్లకి దిగిపోయిందట! లోపల ఉన్నది బొమ్మలా, బియ్యమా అన్నది క్రేనుకి అక్కర్లేదు. పెట్టె కొలత ఒకటే అయితే చాలు. ఆ పెట్టెనే కంటైనరు అన్నారు.

కంప్యూటరు ప్రోగ్రాములకీ ఇలాంటి తిప్పలే ఉండేవి. ఒకరి దగ్గర చక్కగా నడిచిన ప్రోగ్రాము ఇంకోచోట పెడితే మొండికేసేది. "నా కంప్యూటరులో బాగానే పనిచేసిందే!" అని రాసినవాడి మొర. ఇదీ మనకి తెలిసిన సంగతే. పుట్టింట్లో ఘుమఘుమలాడిన చారు అత్తింట్లో పెడితే కుదరదు. చెయ్యి అదే. కాని నీళ్ళు వేరు, చింతపండు వేరు, గిన్నె వేరు. చారుతో పాటు ఆ నీళ్ళూ, ఆ చింతపండూ, ఆ గిన్నే ఒక పెట్టెలో సర్ది పంపగలిగితే ఎక్కడ దించినా అదే రుచి. ప్రోగ్రాముని, దానికి కావలసిన సరంజామా అంతటితో సహా, ఒక పెట్టెలో సర్దెయ్యడమే ఈ కొత్త కంటైనరు.

ఇది ఒక్కరోజులో పుట్టలేదు. ఒక ప్రోగ్రాముకి "నీ లోకం ఈ గది వరకే" అని హద్దు గీసే ఏర్పాటు 1979లోనే యూనిక్స్ అనే కంప్యూటరు వ్యవస్థలో వచ్చింది. ఎవరెంత తినాలో రేషను పెట్టే పద్ధతిని 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ మొదలుపెట్టారు. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ అనే యువకుడు ఒక సభలో ఐదే నిమిషాలు మాట్లాడి, ఈ పెట్టెలు కట్టడాన్ని అందరికీ సులువు చేసే పరికరం చూపించాడు. దాని పేరు డాకర్. ఇంగ్లీషులో రేవు కూలీ అని అర్థం. సముద్రం వాసన ఇంకా పోలేదు చూశారా!

ఈ పెట్టెలో ఇంకో సుగుణం ఉంది. ఒక నమూనా తయారైతే దాన్ని చూసి ఎన్నైనా పుట్టించవచ్చు. మన మూడు జిల్లాల చరిత్రలోనే దీనికి పోలిక దొరుకుతుంది. 2016 అక్టోబరు 11, దసరా రోజున పాత వరంగల్ జిల్లా ఐదు ముక్కలైంది. జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి అప్పుడు పుట్టినవే. అంతకుముందు గోదావరి ఒడ్డు అడవిపల్లె మనిషికి కలెక్టరాఫీసులో పనిపడితే వరంగల్ దాకా పోవలసి వచ్చేది. ఒక్క కచేరీ మీద అంత జనం! కచేరీలు పెంచితే భారం పంచుకున్నట్టయింది. పెంచేటప్పుడు ప్రతి జిల్లాకీ కొత్త ప్లాను గీస్తూ కూర్చోలేదు. ఒకే తరహా నమూనాతో సమీకృత కలెక్టరేట్లు కట్టారు. 2022 ఫిబ్రవరిలో జనగామది, 2023 జనవరిలో మహబూబాబాదుది తెరిచారు. ఒకదాంట్లో తిరిగినవాళ్ళు రెండోదాంట్లో పెద్దగా దారి తప్పరు. కంప్యూటరు పెట్టెల సంగతీ అంతే. తేడా ఏమిటంటే, కలెక్టరేటు కట్టడానికి ఏళ్ళు పడితే, పెట్టె లేవడానికి క్షణాలు చాలు.

సరే, పెట్టెలు వందలూ వేలూ అయ్యాయి. వాటి ఆలనా పాలనా ఎవరు చూడాలి? 2014లో గూగుల్ వాళ్ళు తాము వారానికి 200 కోట్లకి పైగా పెట్టెలు లేపుతున్నామని బయటపెట్టారు. మనుషులు కూర్చుని చూసుకునే పనేనా అది? తమ ఇంట్లో నడుస్తున్న కిటుకుని ఆధారం చేసుకుని అదే ఏడాది జూన్‌లో ఒక కొత్త పరికరాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చారు. జో బేడా, బ్రెండన్ బర్న్స్, క్రెయిగ్ మెక్‌లకీ అనే ముగ్గురు దాన్ని మొదలుపెట్టినవాళ్ళు. పేరు కుబర్నెటీస్. గ్రీకు భాషలో ఓడ నడిపే కర్ణధారి అని అర్థం. మనం రోజూ అనే 'గవర్నరు' మాట కూడా ఆ మూలం నుంచి వచ్చిందేనట. ఓడ నడపడమూ, రాజ్యం నడపడమూ ఒకటేనని గ్రీకులు అనుకున్నారు కాబోలు.

వాళ్ళకి కర్ణధారి అయితే నా కంటికి మాత్రం అతను అచ్చంగా మన నీరటే.

పని ఎలా చేస్తాడో చూడండి. ఇంజనీరు ఒక చీటీ మీద రాసి ఇస్తుంది: "నాకు ఎప్పుడూ నాలుగు పెట్టెలు నడుస్తూ ఉండాలి. ఒక్కో దాని శ్రమ సగానికి మించకూడదు. జనం ఎక్కువైతే నలభై దాకా పెంచుకో, అంతకు మించవద్దు." అంతే, ఆవిడ నిద్రపోవచ్చు. మన నీరటి మామూలుగా పదిహేను సెకన్లకోసారి గట్టు మీద తిరిగి వస్తాడు. నాలుగు పెట్టెలూ శక్తికొద్దీ కష్టపడుతున్నాయనుకోండి, సగం కష్టమే పడాలన్నది నియమం కనక నాలుగుని ఎనిమిది చేస్తాడు. ఇంకా జనం వస్తే పదహారు. ఏదైనా పెట్టె పలకకపోతే దాన్ని తీసి అవతల పారేసి, అదే నమూనాతో కొత్తది లేపుతాడు. ప్రోగ్రాము మార్చాలన్నా అన్నీ ఒక్కసారి ఆపడు. కొన్ని మార్చి, అవి నిలదొక్కుకున్నాక మరికొన్ని మారుస్తాడు. బంధువులు భోంచేస్తూ ఉండగానే పాత విస్తళ్ళు తీస్తూ కొత్తవి వేస్తామే, అలా. తింటున్నవాడికి తెలియనే తెలియదు.

జనం తగ్గితే మాత్రం నీరటి తొందరపడడు. మామూలు నియమం ప్రకారం అయిదు నిమిషాలు ఆగి, నిజంగానే సందడి తగ్గిందని రూఢి చేసుకుని, అప్పుడు పెట్టెలు తీస్తాడు. పొయ్యి ఆర్పేశాక ఇంకో బండి బంధువులు దిగితే ఏమవుతుందో అతనికీ తెలుసులా ఉంది.

పెంచడం అందరూ చూస్తారు, తగ్గించడం ఎవరూ చూడరు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరే చూడండి. 2019 దాకా ఆ ఊరు భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. రెండేళ్ళకోసారి మాఘపౌర్ణమి వేళ అడవి మధ్య ఒక మహానగరం వెలుస్తుంది. 2024 ఫిబ్రవరి జాతరకి ఆర్టీసీ సుమారు 6 వేల ప్రత్యేక బస్సులు ఏర్పాటు చేసింది. ఆ బస్సులేమీ కొత్తగా కొన్నవి కావు. అన్ని డిపోల నుంచీ తెచ్చినవే. వనదేవతలు వనం చేరాక మళ్ళీ ఎవరి డిపోకి వాళ్ళవి తిరిగి వెళ్ళాయి. తిరిగి వెళ్ళకపోతే ఆ నాలుగు రోజుల పుణ్యానికి మిగతా రాష్ట్రం ఏడాదంతా నడవవలసి వచ్చేది! క్లౌడు బిల్లు కూడా అంతే. తగ్గించడం మరిచిపోయిన కంపెనీకి నెలాఖరున కళ్ళు తిరుగుతాయి.

ఇంతవరకూ అంతా శుభమే. ఇక ఈ ఏర్పాటుకి పెద్ద పరీక్ష వచ్చిన రోజు సంగతి.

2021 ఏప్రిల్ 28. కరోనా రెండో ఉప్పెన. ఏ ఇంటి ఫోను మోగినా గుండె ఝల్లుమనే రోజులు. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళంతా టీకాకి కోవిన్ వెబ్‌సైటులో పేరు రాయించుకోవచ్చని, సాయంత్రం నాలుగింటికి తలుపులు తెరుస్తామని ప్రభుత్వం చెప్పింది. నాలుగయ్యేసరికి దేశమంతా ఒక్కసారిగా తలుపు తోసింది. మొదట్లో సెకనుకి 55 వేల తాకిళ్ళని ప్రభుత్వమే చెప్పింది. కాసేపు సైటు తడబడింది. ఫోనుకి రావలసిన అంకెలు రాక లక్షలమంది విసుక్కున్నారు. తరవాత నిలదొక్కుకుంది. ఆ ఒక్క రోజులో కోటీ ముప్ఫై లక్షల మందికి పైగా పేర్లు నమోదయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరు 17న ఒక్కరోజులో రెండున్నర కోట్ల టీకాలు వేసినప్పుడు కూడా ఆ లెక్క మోసింది. టీకా పత్రాలు అచ్చువేసిన 'డివాక్' అనే ప్రోగ్రాము ఈ పెట్టెల పద్ధతిలో, ఈ కర్ణధారి చేతికింద నడిచేలా కట్టిందే.

మరి ఏప్రిల్ 28న పేరు రాయించుకున్న వాళ్ళందరికీ టీకా దొరికిందా? దొరకలేదు. పెట్టెలు పెంచవచ్చు గాని సీసాలో మందు పెంచలేరు కదా! కౌంటర్లు నాలుగుని నలభై చేసినా, లోపల ఖాతా పుస్తకం ఒక్కటే. అందులో ఉన్న మోతాదులు ఎన్నో అన్నే. మత్తడి ఎంత వెడల్పు చేసినా చెరువులో లేని నీళ్ళు పారవు.

ఇంకో మాట కూడా ఉంది, అదే నాకు ముఖ్యంగా తోస్తోంది. ఆ ఉన్న మోతాదులు ఎవరికి అందాయి? వేగమైన ఫోనూ, ఇంగ్లీషూ, తెర ముందు కూర్చునే తీరికా ఉన్నవాళ్ళు ముందు అందుకున్నారు. మహబూబాబాదు తండాలో బటన్ల ఫోను ఉన్న తల్లి ఏం చెయ్యాలి? భూపాలపల్లి అడవి అంచున, చెట్టెక్కితే గాని సిగ్నలు రాని చోట ఉన్నవాళ్ళ మాటేమిటి? 2021 మే నెలాఖరున సుప్రీంకోర్టు కూడా ఇదే ప్రశ్న వేసింది. అప్పటికే, మే 24 నుంచి, పద్దెనిమిది దాటినవాళ్ళకీ నేరుగా ప్రభుత్వ కేంద్రానికి వెళ్ళి పేరు రాయించుకునే వీలు కల్పించారు. జూన్‌లో కోవిన్ తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి వచ్చింది. అంటే ఇబ్బంది తీర్చింది కొత్త పెట్టెలు కాదు, నియమాలు మార్చిన మనుషులు.

ఊళ్ళో నీరటికి మంచి పేరు ఎప్పుడొచ్చేదో తెలుసా? తూము పక్క మడికి నీళ్ళు పెట్టినందుకు కాదు, దానికి ఎవడున్నా పారతాయి. కాలువ చివరన, అందరి తరవాత ఉన్న ఆఖరి మడి తడిస్తే అతను నీరటి. చివరి ఆయకట్టు ఎండిపోయి, తూము దగ్గర నీళ్ళు పొంగిపొర్లుతుంటే ఆ చెరువు ఎంత గొప్పదైతే ఏం లాభం?

మబ్బుల చెరువు నీరటికి కళ్ళు లేవు. చీటీలో రాసిందే చేస్తాడు. పెట్టెలెంత కష్టపడుతున్నాయో చూడమంటే చూస్తాడు. ఎవరి పని కాలేదో చూడమని రాస్తే తప్ప చూడడు. వచ్చినవాళ్ళకి వరస ప్రకారం టోకెన్లిచ్చి, నెమ్మదైన ఫోను ఉన్నవాళ్ళని తోసెయ్యకుండా ఆపమని రాయవచ్చు. మధ్యలో లైను తెగితే మళ్ళీ మొదటి నుంచి కాకుండా ఆగిన చోటు నుంచే మొదలెట్టనివ్వమని రాయవచ్చు. ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు, రాయాలని తోచాలంతే. 2011 నుంచి మనకున్న మీసేవ కౌంటరు లాంటిది ఆఖరి మడికి పంటకాలువ. అవతల మబ్బులో ఎన్ని పెట్టెలున్నా, ఇవతల "మీ పని అయిందమ్మా, ఇదిగో కాగితం" అనే మనిషి ఒకరుండాలి.

ఆ చీటీ ఎవరు రాస్తారంటారా? ఎక్కడో దూరాన ఉన్న పెద్దలే అనుకోనక్కర్లేదు. 2016 నుంచి మన తెలంగాణలో చాలావరకు డిగ్రీ సీట్లకి 'దోస్త్' అనే వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకోవాలి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అమ్మాయిలు అలా దరఖాస్తు పెట్టే చదువుల్లోకి వెళుతున్నారు, అక్కణ్ణించి సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లోకీ వెళుతున్నారు. "మీ అమ్మాయి ఏం చేస్తుంది?" అంటే "ఏదో డెవాప్సట, రాత్రిపూట కూడా ఫోను మోగుతుంది" అని చెప్పే తల్లులు మీలోనే ఉండి ఉంటారు. ఈ నీరటికి చీటీ రాసే పనే అది. నీరటి చెయ్యలేని తప్పు ఏదైనా దొర్లితే రాత్రిపూట లేచి కట్ట మీదికి పరుగెత్తే పని కూడా.

ఈసారి అమ్మాయి సెలవుకి ఇంటికొచ్చినప్పుడు, పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు జంతికలు చేతిలో పెట్టి, "మీ చెరువు చివరి మడికి నీళ్ళు అందుతున్నాయా?" అని అడిగి చూడండి. మొదట నవ్వుతుంది. తరవాత కాస్త ఆలోచిస్తుంది. బయ్యారం మైలాంబ కథ కూడా చెబితే ఇంకా మంచిది.